సందుగలో దొరికిన పాటలు: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన సంచికలో పాత రికార్డ్ ప్లేయర్ మోటారు బిగుసుకుపోతే నూనె ఎక్కడ వేయాలో రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో మోటారు గురించి అడిగింది ఒక్కరే. మిగతా వాళ్లందరూ అటక మీద, సందుగలో, మంచం కింద దొరికిన రికార్డుల గురించే రాశారు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఇరవై నాలుగేళ్లు మైకు సెట్టు నడిపిన వాణ్ణి, ఆ తర్వాత రేడియో రిపేర్లు చేసిన వాణ్ణి. నా చేతుల మీదుగా పోయిన రికార్డులకు లెక్క లేదు. అందుకే నాలుగు ఉత్తరాలు తీసుకుని, తెలిసినంత వివరంగా చెప్తాను.

ప్రశ్న: మా బాపు పోయి ఏడాదైంది. పాత ఇల్లు అమ్ముతున్నాం. ఇనుప సందుగలో 46 గ్రామ్‌ఫోన్ రికార్డులు దొరికాయి. కొన్ని బరువుగా ఉన్నాయి, కొన్ని పలుచగా వంగుతున్నాయి. పెద్ద తమ్ముడు తలా పదిహేను పంచుకుందాం అంటున్నాడు. చిన్నోడేమో పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేద్దామంటాడు. అమ్మ పెద్ద తమ్ముడి దగ్గర హైదరాబాద్‌లో ఉంటుంది. వీటికి విలువ ఉంటుందా? ఎట్లా కాపాడుకోవాలి?
(ఒక పాఠకురాలు, పరకాల)

జవాబు: చెల్లెమ్మా, ముందు వాటిని రెండు వరుసలుగా వేరు చెయ్యి. రికార్డును అంచు దగ్గర పట్టుకుని వేలిగోరుతో మెల్లగా తట్టు. పింగాణీ పళ్లెం లాగా కంగుమంటే అది 78 ఆర్.పి.ఎమ్. రికార్డు, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగేది. మనోళ్లు దాన్ని తవా అనేవాళ్లు. మొద్దుగా డప్‌మంటే అది వినైల్ అనే ప్లాస్టిక్‌ది, పెద్ద ఎల్.పి. గానీ చిన్న ఈ.పి. గానీ. ఏ వేగమో లేబుల్ మీద సాధారణంగా రాసే ఉంటుంది. పెద్దది 33, చిన్నది 45.

ఆ బరువు రికార్డులు చేసింది లక్కతో. మోదుగ, రేగు చెట్ల కొమ్మలకు పట్టే లక్క పురుగు ఉంటుంది కదా, దాని నుంచి తీసిన లక్కలో మెత్తటి రాతిపొడి, మసి కలిపి వేడి మీద అచ్చు వేసేవాళ్లు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో 1928లో పెట్టిన ఫ్యాక్టరీలో అచ్చయినవి రైలెక్కి కాజీపేటలో దిగితే, అక్కడి నుంచి మన దుకాణాలకు వచ్చేవి. నీకు లక్క గాజుల సంగతి తెలిసే ఉంటుంది. వేడి తగిలితే మెత్తబడతాయి, కింద పడితే పగులుతాయి. రికార్డు కూడా అంతే. స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ దాని మీద వేశావంటే లక్క కరిగి పాట మొత్తం పోతుంది. మొన్న ఒకాయన కరోనా నాటి శానిటైజర్ సీసా ఇంట్లో మిగిలిందని దానితోనే తుడిచి నా దగ్గరికి తెచ్చాడు. గాడులన్నీ మైనంలాగా సాగిపోయి ఉన్నాయి. చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది.

గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, పాత నూలు చీర ముక్క తడిపి, గట్టిగా పిండి, గాడి పోయిన దారిలోనే గుండ్రంగా తుడువు. అడ్డంగా రుద్దొద్దు. లేబుల్‌కు తడి తగలనియ్యకు. నానబెట్టొద్దు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టు. అన్నింటినీ పుస్తకాల్లాగా నిలబెట్టి పెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. రేకుల గదిలో, అటక మీద అసలే వద్దు. రామగుండంలో 45 దాటే మన ఎండలకు వినైల్ రికార్డు అప్పడంలా వంగుతుంది.

ఇక తుడవకముందే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి కవరూ, ప్రతి లేబులూ వెలుగులో పెట్టి చూడు. పెన్సిల్‌తో తేదీ రాసి ఉండొచ్చు. పెళ్లి కానుకగా ఇచ్చిన వాళ్ల పేరు ఉండొచ్చు. లేబుల్ మీద మైకు సెట్టు షాపు స్టాంపు ఉంటే, ఆ రికార్డు ఏదో పెళ్లిలో మారిపోయి మీ ఇంటికి వచ్చిందన్నమాట. మేము అట్లా మారకుండా ఉండాలని ప్రతి రికార్డు మీదా ఎర్ర పెయింటుతో ఒక గీత గీసేవాళ్లం. అయినా నావి కొన్ని ములుగులో, నర్సంపేటలో ఇప్పటికీ ఎవరింట్లోనో ఉండే ఉంటాయి. నీ సందుగలో ఎర్ర గీత ఉన్నది కనిపిస్తే నువ్వే ఉంచుకో. ఒక్క మాట మాత్రం నాకు రాయి, సంతోషపడతాను.

పంచుకోవడం గురించి. మీ తమ్ముడు చెప్పినట్టు తలా పదిహేను చేస్తే పెద్ద నష్టం జరుగుతుంది. ఎందుకో చెప్తాను. పది అంగుళాల 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు పాడుతుంది, అంతే. అందుకని పౌరాణిక నాటకాలు నాలుగైదు రికార్డుల సెట్లుగా వచ్చేవి. రాయబారం మొదలయ్యేది ఒకదానిలో, అయిపోయేది ఇంకోదానిలో. సినిమా పాట పెద్దదైతే మొదటి భాగం ఒక వైపు, రెండో భాగం వెనక వైపు. మీరు లెక్కపెట్టి పంచుకుంటే కృష్ణుడు పరకాలలో బయలుదేరి హైదరాబాద్ చేరడు. కాబట్టి ముందు ఒక నోటుబుక్కులో పట్టిక రాయండి. లేబుల్ మీది నంబరు, పాట, పాడినవాళ్లు, భాగం సంఖ్య, కవరు మీది రాత. లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి చోట చెక్కిన చిన్న నంబరు ఉంటుంది, అది కూడా రాసుకోండి. లేబుల్ చిరిగినా ఆ నంబరుతో పాట ఏదో తెలిసిపోతుంది.

డబ్బు విలువ నిజం చెప్పాలి. అందరూ కొన్నవి అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి వాటికి పెద్ద ధర రాదు. ఘంటసాల గారి భగవద్గీత మా మైకు సెట్టులోనే అరిగిపోతే మూడుసార్లు కొన్నాం. చావు ఇంటి ముందు అది పెట్టని ఊరు లేదు. తక్కువ అచ్చయినవి, నాటకం సెట్లు పూర్తిగా ఉన్నవి అయితే సేకరించే వాళ్లు అడుగుతారు. పాత సామాన్ల వాళ్లకు ఇస్తే మాత్రం ఇనుము తూకంలోకి కూడా రావు.

చివరి మాట కాస్త కటువుగా ఉంటే ఏమనుకోవద్దు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అమ్మ మాట ఒక్కసారే వచ్చింది, అదీ ఎక్కడ ఉంటుందో చెప్పడానికి. ఆ 46 రికార్డులు మీ ముగ్గురివీ కావు, అమ్మవి. బాపు కొన్నప్పుడు పక్కన ఉన్నది ఆమె, విన్నది ఆమె, ఇల్లు సర్దినప్పుడల్లా సందుగ పక్కకు జరిపి ఊడ్చింది ఆమె. పట్టిక రాశాక హైదరాబాద్ పో. ఒక్కో పేరూ మెల్లగా చదివి వినిపించు. ఏ పేరు దగ్గర "ఆగు" అంటుందో ఆ రికార్డు ఎవరికీ పంచకండి. అది ఆమె దగ్గరే ఉండనివ్వండి.

ప్రశ్న: తాత దగ్గరున్న 78 రికార్డులు వినిపించాలని ఆన్‌లైన్‌లో కొత్త సూట్‌కేస్ ప్లేయర్ కొన్నాను. దాని మీద 78 అని మీట కూడా ఉంది. కానీ బరబరమని చప్పుడు తప్ప పాట తేలలేదు. తాత రెండు నిమిషాలు విని, ఇది ఆ పాట కాదు అని లేచి వెళ్లిపోయాడు. చాలా బాధేసింది. తప్పెక్కడ?
(డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: తమ్ముడూ, తప్పు నీది కాదు, రికార్డుది కూడా కాదు. సూదిది. 78 రికార్డు గాడి వెడల్పు. దానికి 3 మిల్ సూది కావాలి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే సుమారు 75 మైక్రాన్లు. ఎల్.పి.ది సన్న గాడి, దానికి ఒక మిల్‌కు కాస్త తక్కువ. నీ ప్లేయర్‌లో ఉన్నది ఎల్.పి. సూది. అది వెడల్పు గాడిలో అడుగుకు దిగిపోయి, అక్కడ పేరుకున్న దుమ్మును గీరుతూ పోతుంది. పాట ఉండేది గాడి పక్క గోడల మీద. 78 మీట నొక్కితే వేగం మారుతుంది కానీ సూది మారదు కదా.

నీ ప్లేయర్ కార్ట్రిడ్జ్‌కు, అంటే సూది బిగించే భాగానికి, 78 సూది విడిగా దొరుకుతుందేమో మోడల్ నంబరు చెప్పి అడుగు. దొరికితే బిగించి, మొదట పక్కకు పెట్టుకున్న ఏదైనా అరిగిన రికార్డు మీద చూసుకుని, ఆ తర్వాతే తాత రికార్డు పెట్టు.

కీ తిప్పే పాత గ్రామ్‌ఫోన్ ఇంట్లో ఉంటే దాని మీద ఎల్.పి. మాత్రం ఎప్పుడూ పెట్టకు. సూదిని పట్టుకుని ఉండే ఆ సౌండ్ బాక్సు బరువుకు వినైల్ గాడి ఒక్కసారికే చెడిపోతుంది. 78 పెట్టేటప్పుడు కూడా ప్రతి వైపుకూ కొత్త స్టీలు సూది వేయాలి. రికార్డులోని రాతిపొడికి సూది మొన అరుగుతుంది. అరిగిన సూదితో ఇంకో వైపు వేస్తే అప్పుడు సూది రికార్డును తింటుంది. మైకు సెట్టులో పనికి చేరిన పిల్లలకు నేను మొట్టమొదట నేర్పింది ఇదే. పెళ్లివాళ్లు తొందర పెట్టినా సరే, సూది మార్చాకే రెండో వైపు.

తాత లేచి వెళ్లిపోయాడని బాధపడకు. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆయన చెవికి తేడా పట్టుకుంది. ఆ పాట ఆయనలో ఎంత భద్రంగా ఉంటే అట్లా లేచాడో ఆలోచించు. సూది వచ్చాక మళ్లీ పిలువు, తప్పకుండా వచ్చి కూర్చుంటాడు.

ప్రశ్న: అవే పాటలు ఇప్పుడు ఫోన్‌లో ఇంతకన్నా శుభ్రంగా వినిపిస్తున్నాయి. చిటపటల రికార్డు కోసం ఇంత టెన్షన్ అవసరమా?
(ఒక పాఠకుడు, జగిత్యాల)

జవాబు: పాట వరకే కావాలంటే ఫోన్ చాలు, నేనూ వింటాను. పొద్దున వంటింట్లో ఫోన్ పాడుతూనే ఉంటుంది. మీ ఇంట్లో అరిగిన రికార్డు మాత్రం మీ ఇంట్లోనే ఉంటుంది. ఏ పాట ఎక్కువసార్లు వేశారో దాని గాడే చెప్తుంది, తెల్లబడి ఉంటుంది. వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి, నల్లటి రికార్డులో ఒక్క పాట మేర బూడిద రంగు పట్టీ కనబడుతుంది. అది మీ ఇంటివాళ్లు చేసింది. ఫోన్‌లోకి ఎక్కించుకోవాలంటే ఎక్కించుకోండి, తప్పులేదు. కానీ చిటపటలు తీసేయకుండా ఒక కాపీ, తీసేసి ఒక కాపీ, రెండూ ఉంచండి. మొదటిది డబ్ల్యూ.ఎ.వి. ఫైలుగా దాచండి, కుదించొద్దు. పాట అయిపోగానే రికార్డింగ్ ఆపేయకండి. విన్న పెద్దవాళ్లు వెంటనే ఏదో ఒకటి అంటారు, "ఈ పాట పెట్టిన రోజే నీ మేనత్తను చూడ్డానికి వచ్చిండ్రు" అన్నట్టు. అది కూడా అదే ఫైల్లోకి రానివ్వండి.

ప్రశ్న: నేను సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను. మొన్న క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు నా భార్యకు ఇష్టమైన రికార్డు చేతిలోంచి జారి రెండు ముక్కలైంది. ఆమె పోయి నాలుగేళ్లు. అతికించొచ్చా? అతికిస్తే పాడుతుందా?
(ఒక పాఠకుడు, గోదావరిఖని)

జవాబు: అన్నా, మీ ఉత్తరం రాత్రి చదివాను. వెంటనే జవాబు రాయలేకపోయాను.

మా బాపు వరంగల్‌లో ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. 1934లో నిజాం కట్టించిన మిల్లు, మా చిన్నప్పుడు వరంగల్ అంతా దాని కూతకే లేచేది. 1961లో కాజీపేట నుంచి బదిలీ మీద పోతున్న రైల్వే ఆయన దగ్గర బాపు కీ తిప్పే గ్రామ్‌ఫోన్ కొన్నాడు, ఎనభై రూపాయలకు. దానితో పదకొండు రికార్డులు వచ్చాయి. వాటిలో ఒక లాలిపాట ఉండేది. అది అవ్వకు, అంటే మా అమ్మకు, ప్రాణం. బాపు రెండో షిఫ్టు దిగి, కాళ్లు కడుక్కుని, అన్నం తినే ముందు ఆ ఒక్క వైపే పెట్టేవాడు.

మరుసటి ఏడాది, నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఎవరూ లేనప్పుడు నేనే పెట్టుకుందామని దాన్ని తీశాను. కవరులోంచి జారి గడప అంచుకు తగిలింది. ముక్కలు కాలేదు, అంచు నుంచి లేబుల్ దాకా వెంట్రుక మందాన పగులు వచ్చింది. ఏమీ ఎరగనట్టు కవరులో పెట్టేశాను. రాత్రి బాపు కీ తిప్పి సూది పెట్టాడు. పాట మొదలైంది, దానితో పాటే టక్. మళ్లీ టక్. రికార్డు నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది, పగులు చుట్టుకు ఒకసారి సూది కిందికి వస్తుంది. అంటే నిమిషానికి 78 టక్కులు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. నా గుండె కూడా అట్లనే కొట్టుకుంటోంది. బాపు నా వైపు ఒకసారి చూశాడు. పాట మొత్తం అయ్యేదాకా ఆపలేదు. అయ్యాక సూది ఎత్తి, అవ్వతో "ఇంకా పాడుతుందే" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

అప్పటి నుంచి ఆ రికార్డు టక్కుతోనే పాడింది. కొన్నాళ్లకు చూస్తే, అవ్వ బియ్యం ఏరుకుంటూ ఆ పాట పాడుకునేటప్పుడు చూపుడు వేలితో చాట అంచు మీద టక్, టక్ అని కొట్టేది. తెలిసి కాదు, ఆమెకు పాటే అట్లా ఉండిపోయింది. చాలా ఏళ్లకు, నేను మైకు సెట్టు పెట్టాక, అదే పాట పగులు లేని రికార్డు దొరికితే కొని తెచ్చి ఇంట్లో వినిపించాను. అవ్వ మొత్తం విన్నది. "మంచిగనే ఉంది బిడ్డా, కానీ మనది కాదు" అన్నది. ఆ కొత్తది మైకు సెట్టు పెట్టెలో వేసుకున్నాను, పగిలింది ఇంట్లోనే ఉంచాను. ఈ రోజు వరకూ నా దగ్గరే ఉంది. ఏడాదికి ఒక్కసారి, అవ్వ సంవత్సరికం నాడు, తేలిక సూదితో పెడతాను.

ఇప్పుడు మీ రికార్డు. అది 78 అయితే రెండు ముక్కల్నీ అతికించొచ్చు. కానీ అది మళ్లీ మళ్లీ పెట్టుకోవడానికి కాదు, ఒక్కసారి పాడించి పాటను భద్రంగా ఎక్కించుకోవడానికే. ముక్కల్ని అద్దం లాంటి చదునైన బల్ల మీద పెట్టి, అంచు దగ్గరా లేబుల్ దగ్గరా మాత్రమే చుక్క జిగురు వేయాలి. గాడుల్లోకి జిగురు పోకూడదు. రెండు పక్కలా గాడులు ఒకదానికొకటి సరిగ్గా ఎదురు రావాలి, వెంట్రుక వాసి తేడా వచ్చినా సూది ఎగురుతుంది. ఒక వైపు కుదిరితే రెండో వైపు ఒక్కోసారి కుదరదు, కాబట్టి ఆమెకు ఏ వైపు పాట ఇష్టమో ముందే చెప్పాలి. కీ తిప్పే గ్రామ్‌ఫోన్ మీద మాత్రం పెట్టొద్దు, ఆ బరువుకు మళ్లీ విడిపోతుంది. ఇంట్లో చేతులు వణుకుతుంటే మీరు చేయకండి, అలవాటున్న వాళ్ల చేత చేయించండి.

అప్పటిదాకా రెండు ముక్కల్నీ ఆమెదే పాత నూలు చీర ఉంటే అందులో విడివిడిగా చుట్టి, రెండు అట్టల మధ్య పెట్టండి. నేల మీద రాలిన పెచ్చులు ఉంటే అవి కూడా కాగితంలో పొట్లం కట్టి దాచండి, ఒక్కోసారి గోరంత పెచ్చులో ఒక మాట ఉంటుంది. లేబుల్ మీది నంబరు, పాట మొదటి మాటలు, ఏ వైపో ఈ పత్రికకు రాసి పంపండి. నా మైకు సెట్టువి ఇంకా రెండు చెక్కపెట్టెలు ఉన్నాయి. మీ ఉత్తరం అందిన రోజే రెండూ దించి వెతుకుతాను.